చుక్క పడని కాగితం

మధ్యాహ్నం రెండున్నరకు నర్సింగ్ హోమ్ బెంచీ మీద కూలబడ్డ డిటెక్టివ్, మూడు కావడానికి ఐదు నిమిషాలున్నప్పుడు కూడా అదే బెంచీ మీద ఉన్నాడు. లోపల పేషెంటుకు కట్టు మారుస్తున్నారట. యాభై నాలుగేళ్ళ వయసులో రెండు మోకాళ్ళూ కూడబలుక్కుని ఒకేసారి నొప్పెడుతుంటే లేచి పచార్లు చేసే ఓపిక ఎవరికుంటుంది? వరసగా మూడుసార్లు ఆవులించాడు. ఊళ్ళో అతన్ని ఆవులింతల డిటెక్టివ్ అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ బొత్తిగా అబద్ధం చెప్పలేదు.

కాలక్షేపానికి బల్ల మీది పేపరు తీశాడు. ఇవాళ మంగళవారం, పేపరు శనివారంది. పదిమంది చేతులు మారే పేపరు కదా, కాగితాలు చెదిరిపోకుండా నడిమి మడత మీద రెండు చోట్ల పిన్నులు కొట్టారు. మొదటి పేజీలో ఒక ముసలావిడ కథ ఉంది. తన ఇంటి గోడ కోసం ముప్పై ఎనిమిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిందట. తీర్పు ఏమైందో చెప్పే చోట సరిగ్గా "మిగతా 9వ పేజీలో" అని ఆపేశారు. తిరగేస్తే ఆరో పేజీ తర్వాత పదకొండోది వచ్చింది. మధ్య కాగితం ఎవరో పట్టుకుపోయారు. డిటెక్టివ్ నిట్టూర్చి పేపరు మడిచాడు. ఈ మధ్య అతనికి ఏ కథా చివరిదాకా దొరకడం లేదు.

చేతిలో ఉన్న కేసు కథ మాత్రం చివరిదాకా ఎవరో రాసిపెట్టినట్టే ఉంది. డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యాక ఏడేళ్ళు కష్టపడి తన షెడ్డులో ఒక పాతకాలపు కారును బాగుచేశారు. ఆయనేం మెకానిక్కు కాదు. పుస్తకం చూసి బిగించడం, తప్పని తెలిశాక విప్పడం, విప్పి మళ్ళీ బిగించడం, అలా నేర్చుకున్న మనిషి. సీట్లూ పైకప్పూ కుట్టింది పక్కింటి టైలరు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం. ఆదివారం పొద్దున ఏడుంబావుకు ఇద్దరూ కలిసి ఆ కారును మొదటిసారి రోడ్డెక్కించారు. ఏడూ ఇరవై ఎనిమిదికి క్వారీ రోడ్డు దిగుడులో బ్రేకు పోయి కారు రాతిగోడకు గుద్దుకుంది. టైలరు అక్కడికక్కడే పోయాడు. మాస్టారికి కాలు విరిగింది. బ్రేకు పైపు నట్టు సరిగ్గా బిగించలేదు, తప్పంతా నాదేనని ఆయన పోలీసులకు తనంతట తానే చెప్పేశారు. ఇవాళ సాయంత్రం ఐదింటికి వాంగ్మూలం మీద సంతకం.

డిటెక్టివ్‌ని పెట్టుకున్నది మాత్రం టైలరు భార్య. నిన్న సాయంత్రం వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే చెప్పింది.

"మాస్టారన్నయ్య నట్టు బిగించడం మరిచిపోయే మనిషి కాదండీ. భోజనానికి పిలిస్తే కూడా చేతిలో నట్టు బిగించాకే లేచేవారు. మావారు ఎలాగూ పోయారు. ఈయన కూడా 'నా చేతులతో నేనే చంపుకున్నాను' అనుకుంటూ మంచం మీద పోతే నేను తట్టుకోలేను. ఆయన తప్పు కాదని ఆయన చెవిన పడాలి. అంతే నాకు కావలసింది."

తప్పు ఆయనదే అయితే ఏం చెయ్యమంటావని అడగబోయి, ఆవిడ మొహం చూసి డిటెక్టివ్ మానుకున్నాడు.

మూడింటికి నర్సు లోపలికి పంపింది. తలుపు దగ్గర కానిస్టేబులు కుర్చీలో కునుకుతున్నాడు. మాస్టారు మంచం మీద గోడవైపు చూస్తూ పడుకున్నారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, గోళ్ళ సందుల్లో గ్రీజు మరకలు ఇంకా వదల్లేదు.

"బ్రేకు పైపు నట్టు ఎప్పుడు బిగించారు మాస్టారూ?"

"ఆ ఆదివారానికి పద్దెనిమిది రోజుల ముందు."

"తర్వాత ముట్టుకున్నారా?"

"లేదు. ఇన్‌స్పెక్టరు గారు చూపించారు. ముందు ఎడమ చక్రం దగ్గరి నట్టు అర చుట్టు వదులుగా ఉంది. నేను బిగించిందే. ఇంకెవరి చెయ్యీ పడలేదు. రాసుకోండి."

"నాకు రాసుకునే అలవాటు లేదు. బయల్దేరేముందు బ్రేకు నొక్కి చూశారా?"

"గేటు దగ్గర నొక్కితే పట్టింది. మొదటి మలుపులోనూ పట్టింది. రెండో మలుపులో కాస్త మెత్తగా అనిపించింది. ఏడేళ్ళ తర్వాత కదిలింది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. దిగుడులో కాలు నేలకంటా పోయింది. చేతి బ్రేకు లాగాను. వెనక చక్రాలు ఈడ్చుకుపోయాయి." ఆయన కళ్ళు మూసుకున్నారు. "సీటు కుట్టింది నేను కాబట్టి ముందు కూర్చునేది నేనేనన్నాడు వాడు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు."

డిటెక్టివ్ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏడ్చేవాళ్ళను చాలామందిని చూశాడు. ఏడవకుండా ఇలా లెక్కగా చెప్పేవాళ్ళను చూస్తేనే అతనికి ప్రాణం ఉసూరుమంటుంది.

"బ్రేకు నూనె డబ్బా మూత తీసి చూశారా?"

"శనివారం సాయంత్రం ఆరింటికి చూశాను. గీతదాకా ఉంది."

"ఆదివారం పొద్దున?"

మాస్టారు మళ్ళీ గోడవైపు తిరిగారు. "చూడలేదు. కాగితం పొడిగా ఉంది. అదే నా తప్పు."

"ఏ కాగితం?"

"రోజూ చీకటిపడేముందు నాలుగు చక్రాల కిందా ఆ రోజు పేపరు పరుస్తాను. తెల్లారి టార్చి వేసి చూస్తే ఎక్కడ కారిందో, ఏ నూనె కారిందో మరకను బట్టి తెలిసిపోతుంది. మొదట్లో కాగితమంతా మరకలే. ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాను. పదిహేడు రోజులుగా చుక్క పడలేదు. ఆదివారం పొద్దున కూడా చుక్క లేదు. కాగితాన్ని నమ్మాను. మూత తీసి చూడ్డానికి అర నిమిషం పట్టదు."

"ఈ పేపరు సంగతి ఎవరెవరికి తెలుసు?"

"వచ్చిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఇక్కడి డాక్టరు గారైతే 'మీ కారు నాకన్నా ముందే పేపరు చదివేస్తుంది' అని ఏడిపిస్తారు. ఈ కారు ఆయనదేగా. ఎన్నో ఏళ్ళు తోలి నాకమ్మారు. దీని బ్రేకు పైపులు ఎక్కడెక్కడ ఉంటాయో కింద దూరి చూపించింది కూడా ఆయనే. పెద్ద మనసు."

పెద్ద మనసు డాక్టరు గారు మాట మధ్యలోనే వచ్చారు. అరవై దాటినా నిటారుగా, ఇస్త్రీ నలగని చొక్కాతో ఉన్నారు. మాస్టారి చెయ్యి పట్టుకుని నాడి చూశారు.

"ఇక చాలండీ. రెండు రాత్రులుగా ఈయనకు కన్ను అంటలేదు. ఆ సంతకం గొడవ కాస్తా అయిపోతే నిద్రకు ఇంజెక్షన్ ఇస్తాను. మిమ్మల్ని చూస్తుంటే మీకూ ఒకటి ఇవ్వాలనిపిస్తోంది."

"నాకు సూదులంటే భయం," అన్నాడు డిటెక్టివ్.

"ఇక్కణ్ణుంచి ఎక్కడికి?"

"షెడ్డుకి."

"తుక్కు తప్ప ఏముందండీ అక్కడ," అని డాక్టరు గారు నవ్వారు. మంచి నవ్వే.

షెడ్డు తలుపు టైలరు భార్య తీసింది. తాళం అంటూ ఏమీ లేదు, ఉత్త గొళ్ళెం. అప్పటికి మూడూ ముప్పై ఐదు.

ఏడేళ్ళుగా ఒక మనిషి ప్రాణం పెట్టిన చోటది. గోడకు పానాలు వరసగా వేలాడుతున్నాయి. ప్రతి పానం వెనక దాని ఆకారం పెన్సిలుతో గీసి ఉంది, డ్రాయింగ్ మాస్టారు కదా. అలమారలో నలభై దాకా రేకు డబ్బాలు, ఒక్కొక్క దానికీ చీటీ. "పనికొచ్చే స్క్రూలు." "పనికిరాని స్క్రూలు." "పనికిరానివే గాని పారేయబుద్ధి కానివి." చివరి డబ్బా మీద "ఏమో" అని రాసి ఉంది. ఇంకో రోజైతే డిటెక్టివ్ నవ్వుకునేవాడే.

బల్ల మీద మాస్టారి నోటుపుస్తకం ఉంది. అక్కడక్కడ తిప్పాడు. "ఇంజను కదలడం లేదు. సిలిండర్లలో కిరసనాయిలు పోసి వారం ఆగాలి." "వారం ఆగాను. కదల్లేదు. నాకు పని తెలియదని దానికి తెలిసిపోయింది." "ఈరోజు దగ్గింది. టైలరు చప్పట్లు కొట్టాడు." పుస్తకం చంకలో పెట్టుకుని నేల చూశాడు.

కారు వెళ్ళిపోయింది గాని కాగితాలు నాలుగూ శనివారం పరిచినచోటే ఉన్నాయి. తిరిగొచ్చాక ఎత్తుదామనుకుని ఉంటారు. వెనక రెండింటి మీదా చక్రాల అచ్చులు పడ్డాయి. ముందు ఎడమ చక్రం కిందిది నిజంగానే శుభ్రంగా ఉంది. చుక్క కాదు కదా, తడి ఆరిన గుర్తు కూడా లేదు.

డిటెక్టివ్ మోకాళ్ళను తిట్టుకుంటూ కిందికి వంగి ఆ కాగితం ఎత్తాడు.

నేలకు మాస్టారు బూడిదరంగు పెయింటు వేయించారు, చుక్క పడితే తెలియాలని. మిగతా నేలంతా నున్నగా ఉంది. ఈ కాగితం కింద మాత్రం అరచేతి మేర పెయింటు ఉబ్బి, పాల మీద మీగడలా ముడతలు పడింది. వేలితో గీరితే ఊడొచ్చింది. పెయింటును అలా తినేసేది ఈ షెడ్డులో ఒక్కటే, బ్రేకు నూనె.

పైన పొడి కాగితం, కింద తడిసిన నేల. నేల అబద్ధం చెప్పదు.

"చెల్లెమ్మా, పాత కాగితాలు ఏం చేస్తారు?"

"దాచిపెడతారు. ఆ మూల దొంతర అదేనండీ." ఆవిడ దొంతరను ఒళ్ళోకి తీసుకుంది. పైన పెన్సిలుతో తేదీలు, పక్కనే "చుక్క లేదు" అని మాస్టారి గుండ్రటి చేతిరాత. ఆవిడ కళ్ళు మాత్రం ఆ రాత మీద లేవు. ఎనిమిదో పేజీలోని గళ్ళ నుడికట్టు మీద ఉన్నాయి. బట్ట మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిలుతో ప్రతి గడీ నింపి ఉంది.

"ఇవి మావారివి. మేం పేపరు వేయించుకోమండీ. మధ్యాహ్నం అన్నం తిని ఇక్కడికొచ్చి ఇది పూరించేవారు. అది అయ్యాకే అన్నయ్య కాగితం పరిచేది. 'త్వరగా తేల్చు, కారు ఎదురుచూస్తోంది' అని అన్నయ్య, 'ఉండవయ్యా, నిలువు పదకొండు తేలడం లేదు' అని మావారు." ఆవిడ ఒక్కొక్క కాగితమే తిప్పింది. పదిహేడు రోజులు, పదిహేడు నుడికట్లు. కొన్నింట్లో తప్పులు కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆ కొట్టివేతల మీద కూడా ఆవిడ వేళ్ళు ఆగి ఆగి వెళ్ళాయి.

డిటెక్టివ్ తన చేతిలో ఉన్న కాగితాన్ని ఆవిడ ముందు పెట్టాడు. శనివారంది. ఎనిమిదో పేజీ పైకే ఉంది. నుడికట్టులో ఒక్క గడి కూడా నింపలేదు.

"ఇదేంటి," అంది ఆవిడ.

"ఆ రోజు పని ఒత్తిడిలో వదిలేసి ఉంటాడేమో?"

"లేదండీ. శనివారం పూరించారు. ఒక్క మాట తట్టక దొడ్డిదారిన ఇంటికొచ్చి నన్నడిగారు కూడా. బట్టలు పిండుతున్నాను, ఇప్పుడు కాదు పొమ్మన్నాను." ఆవిడ దొంతర అంచులు సరిచేసింది. "తర్వాత తనే తెలుసుకుని, ప్రహరీ మీంచి పిలిచి మరీ చెప్పారు. అంతా పూర్తయిందన్నారు. ఇది ఆయన పేపరు కాదు."

"ఆదివారం తెల్లవారుజామున ఇటు ఎవరైనా వచ్చారా?"

"నేను లేచేసరికి ఐదున్నర. వాకింగుకు వెళ్తూ డాక్టరు గారు కనిపించారు. రోజూ ఇటే వెళ్తారుగా, షెడ్డులోకి తొంగిచూసి పోతుంటారు."

డిటెక్టివ్ ఏదో అనబోయేంతలో బయట జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. డిటెక్టివ్ ఒకప్పుడు పోలీసు డిపార్టుమెంటులో ఉండగా అతని కింద పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు నక్షత్రాలు పెరిగాయి, నడుమూ పెరిగింది.

"గురువుగారూ, నమస్కారం. తుక్కులో ఏమైనా దొరికిందా?"

"దొరికితే నీకేం లాభం. ఐదింటికి నీ పని అయిపోతుందిగా."

"ఐదింటికేంటి, నాలుగింటికే అయిపోయింది." ఇన్‌స్పెక్టరు జేబు తట్టుకున్నాడు. "పేషెంటు నీరసంగా ఉన్నాడు, త్వరగా కానిచ్చేయమని డాక్టరు గారే ఫోను చేశారు. సంతకం పెట్టేశాడు. ఇక మీరు ఇంటికెళ్ళి హాయిగా ఆవులించుకోవచ్చు."

"నట్టు ఎప్పుడు వదులైందని రాశావు?"

"అసలు సరిగ్గా బిగించనే లేదని రాశాను. పద్దెనిమిది రోజుల నుంచీ వదులే."

"అయితే పదిహేడు రోజులు కాగితం మీద చుక్క ఎందుకు పడలేదు?"

"దారిలో కుదుపులకు వదులై ఉంటుంది లెండి."

"పదమూడు నిమిషాల్లోనా? సరే, నీ మాటే నిజమనుకుందాం. మరి ఇదేమిటి?" డిటెక్టివ్ నేల చూపించాడు.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు, గోటితో గీరాడు, వాసన చూశాడు. మొహంలో ఎగతాళి కొంచెం తగ్గింది. "ఎప్పటి మరకో."

"పెయింటు కింద ఇంకా జిడ్డుగా ఉంది. శనివారం రాత్రి ఎవరో నట్టు వదులు చేశారు. తెల్లారేసరికి కాగితం తడిసింది. అది చూస్తే మాస్టారు బండి కదిలించరని వాడికి తెలుసు. తెల్లవారుజామున వచ్చి, తడి కాగితం తీసేసి, నేల తుడిచి, అదే తేదీ పేపరులో అదే పేజీ తెచ్చి పరిచాడు. అంత జాగ్రత్తపరుడు నుడికట్టు సంగతి మరిచిపోయాడు. మాస్టారు మరక కోసం చూశారు గాని అక్షరాలు చూడలేదు."

"ఊళ్ళో సగంమంది వేయించుకునేది ఆ పేపరే. ఎవడిదని పట్టుకుంటారు? గురువుగారూ, మీకు ఈ మధ్య నిద్ర చాలడం లేదు. ఒప్పుకున్నవాణ్ణి వదిలేసి నుడికట్టు పట్టుకుని ఊరేగితే కోర్టులో నవ్విపోతారు."

"నవ్వనీ. నేను నవ్వి చాలా రోజులైంది, చూసైనా సంతోషిస్తాను."

డిటెక్టివ్ విసుగ్గా కాగితాన్ని వెలుతురుకు ఎత్తాడు. నడిమి మడత మీద, రెండు చోట్ల, జంటలు జంటలుగా సన్నటి రంధ్రాలు కనిపించాయి. పిన్నుల్లోంచి కాగితాన్ని ఊడబీకితే పడే రంధ్రాలు. అతని చూపు అక్కణ్ణుంచి పక్కపేజీకి జారింది. తొమ్మిదో పేజీ. "మొదటి పేజీ తరువాయి." ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత కోర్టు ఆ ముసలావిడకు గోడ ఇప్పించిందట.

డిటెక్టివ్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఈ కథ మొదటి సగం మధ్యాహ్నం నర్సింగ్ హోమ్ బెంచీ మీద చదివాను. అక్కడి శనివారం పేపరులో మధ్య కాగితం లేదు. పేపరుకు పిన్నులు కొట్టి ఉన్నాయి. ఆ కాగితమే ఇది."

టైలరు భార్య నెమ్మదిగా, "డాక్టరు గారా?" అంది. "ఆయనకేం పని? మా అందరికీ మందిచ్చిన మనిషి."

అదే డిటెక్టివ్‌కీ అర్థం కాలేదు. చంకలోని నోటుపుస్తకం తీసి ఈసారి చివర్నుంచి చదివాడు. పది రోజుల కిందటి పేజీలో దొరికింది. గట్టిగానే చదివాడు.

"'ఎడమ మడ్‌గార్డుకు ఆఖరి రంగు వేయడానికి విప్పాను. పాత రంగు కింద పెద్ద సొట్ట, లప్పం పెట్టి పూడ్చారు. లోపలి సందులో ఒక ఇత్తడి బిళ్ళ ఇరుక్కుని ఉంది. వెనకటికి సైకిళ్ళకు పన్ను కడితే ఇచ్చే బిళ్ళ. నెంబరూ, సంవత్సరమూ ఉన్నాయి. డాక్టరు గారికి చెప్పాను. ఎప్పుడో చెట్టుకు గుద్దుకుందన్నారు. బిళ్ళ తనకిచ్చేయమన్నారు. పాత రిజిస్టర్లు మున్సిపల్ ఆఫీసు కింది గదిలో ఉన్నాయట. ఆదివారం ట్రయల్ సరిగ్గా జరిగితే సోమవారం ఈ కారులోనే వెళ్ళి ఎవరిదో కనుక్కుని వాళ్ళింట్లో ఇచ్చి వస్తానన్నాను. డాక్టరు గారు మంచి ఆలోచన అన్నారు.'"

డిటెక్టివ్ లేచి అలమార దగ్గరికి వెళ్ళాడు. నలభై డబ్బాల్లో వెతకనక్కరలేదు. మాస్టారి బుర్ర ఎలా పనిచేస్తుందో ఇప్పుడతనికి తెలుసు. "ఏమో" డబ్బా మూత తీసి బోర్లించాడు. రెండు బోల్టుల మధ్య బిళ్ళ దొర్లింది. దాని మీది సంవత్సరం ముప్పై ఒక్కేళ్ళ కిందటిది.

ఆ సంవత్సరం అతనికి బాగా గుర్తుంది. కొత్తగా కానిస్టేబులయ్యాడు. క్వారీ రోడ్డులో సైకిలు మీద డ్యూటీకి వెళ్తున్న ఒకణ్ణి ఏదో బండి గుద్ది చంపి వెళ్ళిపోయింది. పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. సైకిలుకు బిళ్ళ లేదేమని అడిగింది అతనే, ఎక్కడో పడిపోయి ఉంటుంది రాసుకోమని పైవాళ్ళు కసిరితే "గుర్తు తెలియని వాహనం" అని తన చేత్తో రాసింది కూడా అతనే. ఆ తర్వాత ఎన్ని కేసులు తేల్చినా ఆ మూడు మాటలు గుర్తొస్తే అతనికి ఒంట్లో సత్తువ పోయేది.

"నీ కానిస్టేబులు గది దగ్గరే ఉన్నాడా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "సంతకం అయిపోయింది కదాని... తీసేశాను."

"నేరం ఒప్పుకుని సంతకం పెట్టినవాడు, దిగులుతో నిద్రలోనే ప్రాణం వదిలేస్తే నువ్వు ఎవర్నైనా అనుమానిస్తావా?"

ఇన్‌స్పెక్టరు ఫోను తీసి నర్సింగ్ హోమ్‌కు కలిపాడు. అందరికీ వినబడేలా పెట్టి డిటెక్టివ్ చేతికిచ్చాడు. అప్పుడు నాలుగూ నలభై. నర్సు ఎత్తింది.

"మాస్టారు ఎలా ఉన్నారమ్మా?"

"డాక్టరు గారు ఇప్పుడే ఇంజెక్షన్ తీసుకుని లోపలికెళ్ళారండీ. ఎవర్నీ రానివ్వద్దని గడియ పెట్టుకున్నారు."

"వెంటనే వెళ్ళి తలుపు కొట్టు. ఆ ఇంజెక్షన్ ఇవ్వొద్దని పోలీసులు చెప్పారని చెప్పు. తియ్యకపోతే నలుగుర్ని కేకెయ్యి."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, పరుగు, దూరంగా తలుపు బాదడం వినబడ్డాయి. గడియ తీసిన శబ్దం. నర్సు గొంతు ఏదో గబగబా చెప్పింది. తర్వాత తీరుబడిగా అడుగుల చప్పుడు. ఫోను ఎవరో తీసుకుని లోపలికి నడిచారు. మళ్ళీ గడియ పడింది.

"చెప్పండి డిటెక్టివ్ గారూ." డాక్టరు గారి గొంతులో కంగారు లేదు. అలసట ఉంది. అది విని డిటెక్టివ్ అదిరిపడ్డాడు, అచ్చం తన గొంతులాగే ఉంది. "పాపం మా నర్సును భయపెట్టేశారు."

"మాస్టారు ఎలా ఉన్నారు?"

"మగతగా ఉన్నారు. సగం మందే ఎక్కించాను. సూది ఇంకా తీయలేదు. మిగతా సగం సంగతి మిమ్మల్నడిగి చేద్దామని." కొంచెం ఆగారు. "షెడ్డులోనే ఉన్నారుగా. ఆ రేకు డబ్బాల్లో ఎందులోనో చిన్న ఇత్తడి బిళ్ళ ఉండాలి. ఆదివారం పొద్దున నాకు టైము చాల్లేదు. అన్ని డబ్బాలెందుకు పెట్టుకుంటాడో ఈ మనిషి. మీకు దొరికితే తెచ్చిపెట్టండి. ఐదింటికల్లా. ఒక్కరే రండి, చూస్తాను కిటికీలోంచి."

ఫోను పెట్టేశారు.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి వాంగ్మూలం తీసి, ఏం చెయ్యాలో తెలియనట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మొదటిసారి గురువుగారూ అన్న పిలుపులో వెటకారం లేకుండా, "గురువుగారూ, ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

"నీ జీపు తాళాలివ్వు. నువ్వు స్టేషనుకు ఫోను చేసి, మనుషుల్ని తీసుకుని వెనక సందులోంచి రా."

డిటెక్టివ్ బిళ్ళ కోసం బల్ల మీదికి చెయ్యి చాపాడు. బిళ్ళ లేదు. అది టైలరు భార్య పిడికిట్లో ఉంది. శనివారం నాటి ఖాళీ నుడికట్టు కాగితం కూడా మడిచి చంకలో పెట్టుకుంది.

"అమ్మా, ఒక్కణ్ణే రమ్మన్నాడు."

"మిమ్మల్ని ఒక్కర్నే రమ్మన్నాడు. నేను రెండ్రోజులుగా అన్నయ్యకు క్యారియరు పట్టుకుని వెళ్తున్నదాన్నే, నన్నెవరు ఆపుతారు?" ఆవిడ అప్పటికే గుమ్మం దాటింది. "సగం మందు ఎక్కిందన్నాడు కదండీ. అన్నయ్య ఇంకా వినగలరు. ఆ తప్పు తనది కాదని వినకుండా ఆయన్ని నిద్రపోనివ్వను. పదండి."

నాలుగూ నలభై ఐదయింది. నర్సింగ్ హోమ్‌కు జీపులో పన్నెండు నిమిషాలు పడుతుంది.